కాలం చెల్లిన చట్టాలు – శాసనసభా సంఘాల బాధ్యత

(ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఒక విద్యాలయం డెబ్బది ఐదేండ్లు పూర్తి చేసుకొన్న వేళ గడచిన కాలాన్ని తలచుకొనుట సహజం. పాత భవనాలు, పాత గురువులు, పాత పాఠ్యపుస్తకాలు అందరికీ గుర్తుకు వచ్చును. అయితే వాటివలెనే పాతబడుచు, ఎవరి కంటా పడకుండ, ప్రతి ఇంటి మీద నిశ్శబ్దంగా అధికారం చెలాయించు వస్తువు ఇంకొకటి ఉన్నది. అదే చట్టం. పాఠ్యపుస్తకం పాతబడినచో కొత్తది వచ్చును. గోడ బీటలు వారినచో తాపీ మేస్త్రి వచ్చును. చట్టం పాతబడినచో దానిని చూచువారెవరు? దిద్దువారెవరు? ఆ పని ఎట్లు జరుగును, ఎట్లు జరుగక ఆగిపోవును అనునదే నేటి ప్రసంగ విషయం.

ఈ విషయం వకీళ్లకు మాత్రమే సంబంధించినదని ఎవరైనను అనుకొన్నచో, వారు ఇంటికి వెళ్లి తాతల నాటి ట్రంకుపెట్టె ఒకసారి తెరచి చూడవలెను. ధర్మపురి, పాలకోడు, పెన్నాగరం, హరూరు, కృష్ణగిరి, హోసూరు ప్రాంతాల పాత దస్తావేజులలో "మిట్టా", "మిట్టాదారు" అను మాటలు కనిపించును. ఆ రెండు మాటల వెనుక ఒక చట్టం ఉన్నది. అది 1802లో పుట్టినది. దానిని సంపూర్ణంగా తొలగించుటకు ఇంచుమించు నూట ఏబది సంవత్సరాలు పట్టినది. తొలగించిన మార్గంలో అతి ముఖ్యమైన మైలురాయి ఒక శాసనసభా సంఘం. ఆ సంఘానికి అధ్యక్షత వహించినవారు తెలుగువారు. కావున ఈ కథ ఈ నేలది, ఈ భాషది కూడ.

శ్రీరంగపట్టణం సంధి 1792లో జరిగినది. ఆ సంధి ప్రకారం టిప్పు సుల్తాను నుండి బారామహల్, సేలం సీమలు ఈస్టిండియా కంపెనీ వశమైనవి. నేటి ధర్మపురి ఆ బారామహల్‌లోనిదే. దాని పరిపాలనకు కెప్టెన్ అలెగ్జాండర్ రీడ్ నియమితుడు కాగా, అతని సహాయకులలో ఒకరు థామస్ మన్రో. మన్రో 1792 నుండి 1799 వరకు ఈ సీమలోనే పనిచేసినాడు. పొలం దున్ను రైతుతోనే ప్రభుత్వం నేరుగా లెక్క తేల్చుకొను రైత్వారీ పద్ధతికి బీజం ఇక్కడనే పడినది. అతడే తరువాత దత్తమండలాల కలెక్టరై, మద్రాసు గవర్నరై, 1827లో కర్నూలు సీమలోని పత్తికొండలో కలరా సోకి మరణించినాడు.

రీడ్, మన్రోలు వెళ్లిన కొద్ది కాలానికే గాలి మారినది. బెంగాలులో కారన్‌వాలిస్ ప్రవేశపెట్టిన శాశ్వత శిస్తు పద్ధతిని మద్రాసు రాజధానిలోనూ అమలు చేయవలెనని కంపెనీ నిర్ణయించినది. 1802 నాటి 25వ రెగ్యులేషన్ అందుకు ఆధారమైనది. ఉత్తర సర్కారులలో జమీందారులు అప్పటికే ఉన్నారు. బారామహల్, సేలం సీమలలో అట్టివారు లేనందున గ్రామాలను కొన్ని కొన్నిగా కట్టలు కట్టి వేలం వేసినారు. ఆ కట్టలే మిట్టాలు. పాడుకొన్నవారు మిట్టాదారులు. చాలామంది మిట్టాదారులు పేష్కషు చెల్లించలేక కొద్ది ఏండ్లలోనే చేతులెత్తివేసినారు. ఆ గ్రామాలు మరల రైత్వారీ క్రిందికి వచ్చినవి. మిగిలిన మిట్టాలు మాత్రం తరతరాలుగా నిలిచినవి.

ఆ రెగ్యులేషన్‌లోని ఒక మాట తరువాతి కలహాలన్నిటికీ మూలమైనది. జమీందారును అది భూమికి స్వామి అన్నది. ఆ మాటకు అర్థమేమి? భూమి నిజముగా అతనిదా, లేక రైతు ఇచ్చు శిస్తులో ప్రభుత్వ భాగాన్ని వసూలు చేయు హక్కు మాత్రమే అతనిదా? జమీందారులు మొదటి అర్థం చెప్పుకొన్నారు. రైతులు రెండవది చెప్పినారు. కోర్టులు ఒకప్పుడు ఇట్లు, ఒకప్పుడు అట్లు చెప్పినవి. 1865లో పన్ను వసూలు చట్టం ఒకటి వచ్చినది. దాని లోపాలు తెలిసిన తరువాత 1908లో మద్రాసు ఎస్టేట్స్ ల్యాండ్ చట్టం వచ్చినది. రైతుకు సాగుహక్కు ఉన్నదని, పట్టా, ముచ్చలికా మార్చుకొనవలెనని, అకారణంగా వెళ్లగొట్టరాదని ఆ చట్టం చెప్పినది. ఆ కాలానికి అది రైతుకు మేలు చేసిన చట్టమే.

అయినను మేలు చేసిన చట్టం కూడ పాతబడును. 1930 తరువాత ప్రపంచమంతటా ఆర్థిక మాంద్యం ఏర్పడి ధాన్యం ధర పడిపోయినది. రైతు చెల్లించవలసిన శిస్తు మాత్రం రూపాయలలో నిర్ణయమై ఉన్నది. నిన్న కొన్ని బస్తాలు అమ్మి కట్టిన శిస్తుకే నేడు అంతకు ఎన్నో రెట్లు అమ్మవలసి వచ్చినది. చట్టంలో ఒక అక్షరం కూడ మారలేదు. దాని చుట్టూ ఉన్న లోకం మారినది. కాలం చెల్లిన చట్టం అనగా ఇదియే. చట్టం వయస్సు ఎంత అనునది ముఖ్యం కాదు. అది ఏ పరిస్థితిని ఊహించి పుట్టినదో ఆ పరిస్థితి ఇంకను ఉన్నదా లేదా అనునదే ముఖ్యం.

ఈ తేడా తెలియుటకు ఇంకొక ఉదాహరణ చాలును. మద్రాసు ప్రజారోగ్య చట్టం 1939 నాటిది. ఎనుబది ఏండ్లు దాటిన తరువాత 2020లో కరోనా వ్యాపించినప్పుడు తమిళనాడు ప్రభుత్వానికి చేతికి అందివచ్చిన చట్టాలలో అది ఒకటి. అవసరమైన సవరణలతో దానినే ఉపయోగించినారు. వయస్సు మీరినది కదా అని ముందే పారవేసి ఉన్నచో ఆపదకాలంలో తడుముకొనవలసి వచ్చెడిది. కావున పాతదంతా పనికిరానిది కాదు. ఏది ఉంచవలెనో, ఏది దిద్దవలెనో, ఏది తీసివేయవలెనో వేరుచేయుటకే పరిశీలన. ధాన్యం చెరుగునప్పుడు చేటలో జరుగునది కూడ అదే.

ఇక 1937కు వద్దాము. ఆ సంవత్సరపు ఎన్నికలలో మద్రాసు శాసనసభలోని 215 స్థానాలలో 159 కాంగ్రెసు గెలిచినది. చక్రవర్తి రాజగోపాలాచారి ప్రధానమంత్రి అయినారు. అప్పటిలో రాష్ట్ర మంత్రివర్గ నాయకుని అట్లే పిలిచెడివారు. ఆయన పుట్టిన తొరపల్లి హోసూరు సమీపంలోనిది. నాడు సేలం జిల్లాలో, 1965 నుండి ధర్మపురి జిల్లాలో, 2004 నుండి కృష్ణగిరి జిల్లాలో చేరిన గ్రామమది. ఆయన మంత్రివర్గంలో రెవెన్యూ మంత్రి ఆంధ్రకేసరి టంగుటూరి ప్రకాశం పంతులు. అదే కాలంలో ఆంధ్ర రైతులు ఇచ్ఛాపురం నుండి మద్రాసు వరకు కాలినడకన రైతు రక్షణ యాత్ర సాగించి, తమ కష్టాలను ఊరూరా చెప్పుకొనుచు వచ్చినారు. మునగాల, చల్లపల్లి వంటి జమీలలో అలజడి రేగినది.

అప్పుడు ప్రభుత్వం వెంటనే ఒక బిల్లు వ్రాసి సభ ముందు పడవేయలేదు. ఉభయ సభల సభ్యులతో ఒక సంఘాన్ని 1937లో ఏర్పరచి, ఎస్టేట్స్ ల్యాండ్ చట్టం అమలులోని లోపాలను, జమీ రైతుల స్థితిగతులను విచారించు బాధ్యత అప్పగించినది. ప్రకాశం పంతులు గారే దానికి అధ్యక్షులు. ప్రకాశం కమిటీ అని తెలుగువారు పిలుచునది దీనినే.

ఆ సంఘం పనిచేసిన విధానం గమనింపదగినది. ముందుగా చట్టం పుట్టిన రోజుకు వెళ్లినది. 1802 రెగ్యులేషన్‌ను, దానికి ముందు వెనుక జరిగిన ఉత్తర ప్రత్యుత్తరాలను, పాత రికార్డులను చదివినది. ఆ తరువాత మనుషుల వద్దకు వెళ్లినది. జమీందారుల పక్షాన్ని విన్నది, రైతుల పక్షాన్ని విన్నది, న్యాయవాదుల వాదాన్ని విన్నది. అందరి వాఙ్మూలాలను, విజ్ఞాపనలను నమోదు చేసినది. చివరకు సంపుటాల కొలది నివేదికను 1938లో సమర్పించినది. భూమికి యజమాని రైతేనని, జమీందారుకు 1802లో దక్కినది శిస్తు వసూలు హక్కు మాత్రమేనని, శిస్తులను ఆ 1802 నాటి స్థాయికి తీసుకొని రావలెనని ఆ నివేదిక సారాంశం.

ఆ తీర్పు అందరికీ నచ్చలేదు. నూటముప్పది ఏండ్ల నాటి రేటుకు వెనుకకు వెళ్లుట సాధ్యమా అని ప్రశ్నించినవారు ఉన్నారు. తరతరాలుగా జరిగిన క్రయవిక్రయాల గతి ఏమి అని అడిగినవారు ఉన్నారు. ఆ ప్రశ్నలు నిర్లక్ష్యం చేయదగినవి కావు. ఒక చట్టాన్ని నమ్ముకొని తరాలు గడిచిన తరువాత దానిని కదిలించుట ఇంటి పునాది రాయిని కదిలించుట వంటిది. అందువలననే సంఘం అవసరం. మంత్రి ఒక్కడు తన గదిలో కూర్చుండి నిర్ణయించినచో ఆ ప్రశ్నలు చట్టం వచ్చిన తరువాత వీధిలో వినవచ్చును. సంఘం ముందు అవి ముందుగానే వినవచ్చును. ఉన్న తేడా అదే.

1939 మొదట్లో శాసనసభ నివేదికను చర్చించినది. చట్టం మాత్రం రాలేదు. ఆ సంవత్సరం సెప్టెంబరులో ప్రపంచ యుద్ధం ఆరంభమైనది. భారతీయులను సంప్రదించకుండ దేశాన్ని యుద్ధంలోకి దింపినందుకు నిరసనగా అక్టోబరులో మంత్రివర్గం రాజీనామా చేసినది. 1946 వరకు గవర్నరు పాలన సాగినది. నివేదిక బీరువాలలో ఉండిపోయినది.

చట్టం ఆగినంత మాత్రాన జీవితం ఆగదు. 1940 ఏప్రిల్ 1న నేటి శ్రీకాకుళం జిల్లాలోని మందసా జమీలో, గుడారి రాజమణిపురం గ్రామం వద్ద, అడవి కలప విషయమై జమీందారుకు, రైతులకు కలిగిన వివాదంలో పోలీసులు కాల్పులు జరిపినారు. సాసుమాన గున్నమ్మ అను సామాన్య స్త్రీ, మరికొందరు ప్రాణాలు కోల్పోయినారు. ఆమెను నేటికిని వీరగున్నమ్మ అని ఆ ప్రాంతం వారు స్మరించుచున్నారు. ఒక నివేదిక బీరువాలో ఉండిపోయిన కాలానికి ఇటువంటి వెల కూడ ఉండునని పిల్లలు తెలిసికొనవలెను.

1946 ఏప్రిల్‌లో ప్రకాశం పంతులే ప్రధానమంత్రి అయినారు. ఏడాది తిరుగకుండనే 1947 మార్చిలో ఆయన పదవి పోయినది. అయినను పని ఆగలేదు. 1947లో శిస్తు తగ్గింపు చట్టం, 1948లో ఎస్టేట్ల రద్దు, రైత్వారీ మార్పిడి చట్టం వచ్చినవి. అప్పటి ప్రధానమంత్రి ఓమందూరు రామస్వామి రెడ్డియారు, రెవెన్యూ మంత్రి కళా వెంకటరావు. నష్టపరిహారం ఇచ్చి జమీలను, వాటితోపాటు ఇక్కడి మిట్టాలను ప్రభుత్వం స్వాధీనం చేసికొని, రైతులకు రైత్వారీ పట్టాలు ఇచ్చు ఏర్పాటు జరిగినది. ప్రకాశం సంఘం కోరినది శిస్తు తగ్గింపు, రైతు హక్కు. తుదకు వచ్చినది అంతకంటె పెద్ద మార్పు. నివేదిక చెప్పిన మార్గం అక్షరాల అమలు కాలేదు. అయితే భూమి రైతుది అను మాటను అది సభా రికార్డులలో ఎక్కించినది. ఆ తరువాత దానిని ఎవరూ తుడిచివేయలేకపోయినారు.

అంతటితోనైనను కథ ముగిసినదా అన్నచో లేదు. ఇనాముల రద్దుకు ఆంధ్రలో 1956లో ఒక చట్టం, తమిళనాడులో 1963లో మరొకటి కావలసి వచ్చినవి. ఒక పాత చట్టం వేళ్లు ఎంత లోతుగా పోవునో దీనివలన తెలియును.

రెండవ ఉదాహరణ ఇంకను బాధాకరమైనది. 1871లో బ్రిటిషు ప్రభుత్వం నేరస్థ జాతుల చట్టం చేసినది. 1911లో దానిని విస్తరించి మద్రాసు రాజధానికి కూడ వర్తింపజేసినారు. ఎరుకల వంటి కొన్ని కులాలను పుట్టుకతోనే నేరస్థులని ముద్ర వేసినారు. తల్లి ఒడిలోని బిడ్డ కూడ ఆ ముద్రతోనే పెరుగవలెను. పోలీసుల వద్ద హాజరు పలుకవలెను. ఊరు విడువవలెనన్న అనుమతి కావలెను. బాపట్ల సమీపంలోని స్టువర్టుపురం ఆ విధంగా ఏర్పడిన సెటిల్‌మెంటులలో ఒకటి.

మద్రాసు శాసనసభ ఆ చట్టాన్ని తన పరిధిలో 1947లోనే రద్దు చేసినది. దేశమంతటా దాని అమలును పరిశీలించుటకు 1949లో భారత ప్రభుత్వం ఒక సంఘాన్ని నియమించినది. దాని అధ్యక్షులు తిరుపతి ప్రాంతానికి చెందిన మాడభూషి అనంతశయనం అయ్యంగారు. ఆయనే తరువాత లోకసభ స్పీకరు అయినారు. ఆ సంఘం నివేదిక 1950లో వచ్చినది. 1952 ఆగస్టు 31న ఆ చట్టం దేశమంతటా రద్దయినది. విముక్త జాతులు నేటికిని ఆ రోజును విముక్తి దినంగా జరుపుకొనుచున్నారు.

అయితే మద్రాసులో ఆ రద్దు వెంటనే 1948లో అలవాటు నేరస్థుల నియంత్రణ చట్టం అను ఇంకొకటి వచ్చినది. కులాన్ని బట్టి గాక వ్యక్తి నేరాలను బట్టి నియంత్రణ అను మేలు దానిలో ఉన్నది. కాని పోలీసు రికార్డులలోని పాత అనుమానం పేరు మార్చుకొని కొనసాగినదని ఆ కులాల పెద్దలు చెప్పుచునే వచ్చినారు. చట్టాన్ని పుస్తకం నుండి కొట్టివేయుట ఒక పని. అది నేర్పిన అలవాటును అధికారి మనస్సు నుండి తొలగించుట వేరొక పని. పరిశీలనా సంఘం రెండవదానిని కూడ కనిపెట్టి చూడవలెను.

సంఘం చూడనిదానిని కోర్టు చూడవలసి వచ్చును. నిజాం కాలంలో 1329 ఫసలీలో, అనగా 1919 ప్రాంతంలో, హిజ్రాలను రిజిస్టరులో నమోదు చేయుటకు, వారంటు లేకుండ నిర్బంధించుటకు వీలు కల్పించు చట్టమొకటి హైదరాబాదులో వచ్చినది. రాష్ట్రం పేరు మారినప్పుడెల్ల దాని పేరు కూడ మారుచు వచ్చినదే గాని, దానిని తీసివేయవలెనని ఏ సభకూ తోచలేదు. 2023 జూలైలో తెలంగాణ హైకోర్టు అది రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేసినది. నూరేండ్లకు పైగా బ్రతికిన ఆ చట్టం ఎందరి ఆత్మగౌరవాన్ని దెబ్బతీసినదో లెక్క వ్రాసినవారు లేరు.

ఇంత పాత చట్టాలు ఎట్లు నిలిచి ఉన్నవని పిల్లలు అడుగవచ్చును. రాజ్యాంగంలోని 372వ అధికరణం ప్రకారం స్వాతంత్ర్యానికి ముందున్న చట్టాలు, తగిన శాసనసభ మార్చువరకు లేక రద్దు చేయువరకు, అమలులోనే ఉండును. కొత్త దేశం ఒక్క రాత్రిలో చట్టం లేని దేశం కారాదు గదా. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు మద్రాసు చట్టాలే దానికి సంక్రమించినవి. 1956లో తెలంగాణ చేరినప్పుడు హైదరాబాదు చట్టాలు వచ్చి కలిసినవి. అందువలన ఒకే విషయానికి "ఆంధ్ర ప్రాంతం" అను బ్రాకెట్టుతో ఒక చట్టం, "తెలంగాణ ప్రాంతం" అను బ్రాకెట్టుతో మరొక చట్టం చాలాకాలం నడిచినవి. 1969లో మద్రాసు రాష్ట్రం తమిళనాడు అయినప్పుడు చట్టాల పేర్లను మార్చు ఉత్తర్వు వెలువడినది. 2014 జూన్ 2న తెలంగాణ వేరుపడినప్పుడు, ఉమ్మడి చట్టాలలో తగిన మార్పులు చేసుకొనుటకు పునర్విభజన చట్టం రెండేండ్ల గడువు ఇచ్చినది. అయితే ఇవన్నియు పేర్లు మార్చు పనులు. పలక మీద పేరు మార్చుట సులభం. పలక మీది లెక్క సరియైనదా అని చూచుటకే సంఘం కావలెను.

నేడు ఆ పని సాగు క్రమాన్ని సంక్షిప్తంగా చెప్పవచ్చును. మొదట ఆయా శాఖలు తమ చేతిలోని చట్టాల జాబితా తయారు చేయవలెను. ఎంతకాలంగా ఉపయోగంలో లేదు, దాని స్థానంలో వేరొక చట్టం వచ్చినదా, కేంద్ర చట్టంతో విరోధించుచున్నదా, రాజ్యాంగ హక్కులను భంగపరచుచున్నదా అని న్యాయశాఖ పరిశీలించును. రద్దు చేసినచో అంతకుముందు దాని క్రింద పొందిన హక్కులు, నడుచుచున్న వ్యాజ్యాలు ఏమగునో చూడవలెను. ఇందుకై తమిళనాడులో 1891 నాటి జనరల్ క్లాజుల చట్టం నేటికిని ఆధారం. పాత చట్టాలను తీయుటకు కూడ ఒక పాత చట్టమే తోడ్పడుట విశేషం. తరువాత బిల్లు సభకు వచ్చును. సభ కోరినచో దానిని సెలెక్టు కమిటీకి పంపును. ఆ సంఘం ఒక్కొక్క నిబంధనను చదివి, అవసరమైనచో ప్రజల అభిప్రాయాలు తీసికొని, సవరణలతో తిరిగి పంపును. సభ ఆమోదం, గవర్నరు సమ్మతి తరువాత అది చట్టమగును.

ఇంతకంటె తక్కువగా తెలిసినది ఉపశాసనాల సంఘం. చట్టం పది పుటలుండును. దాని క్రింద అధికారులు వ్రాసుకొను నియమాలు నూరు పుటలుండును. ప్రజలకు ప్రతిదినం తగులునది ఆ నూరు పుటలే. ఆ నియమాలు మూల చట్టం ఇచ్చిన అధికారాన్ని మించినవా, సభ ముందు సకాలంలో ఉంచినారా, అనుమతి లేని పన్ను వేసినారా, గడచిన తేదీ నుండి వర్తింపజేసినారా, కోర్టుకు వెళ్లు దారి మూసినారా అని చూచుట ఈ సంఘం విధి. పత్రికలలో దీని పేరు అరుదుగా కనిపించును. కాని ఊరి మురుగుకాలువ వలె, సరిగా పనిచేసినంతకాలం ఎవరికీ గుర్తుకు రాదు.

ఈ వ్యవస్థ కాగితం మీద చక్కగా ఉన్నది. ఆచరణలో బలహీనతలున్నవి. చాలా రాష్ట్రాల శాసనసభలలో బిల్లులు ప్రవేశపెట్టిన రోజుననో, కొద్ది రోజులలోనో ఆమోదం పొందుచున్నవి. సెలెక్టు కమిటీకి పోవునవి బహు కొద్ది. పార్లమెంటులో శాఖలవారీ స్థాయీ సంఘాలు 1993 నుండి ఉన్నవి. 1860 నాటి శిక్షాస్మృతి స్థానంలో వచ్చి 2024 జూలై 1 నుండి అమలైన భారతీయ న్యాయ సంహిత బిల్లు, దానితో వచ్చిన తక్కిన రెండు బిల్లులు 2023లో అట్టి సంఘం ముందుకు వెళ్లినవి. రాష్ట్రాలలో కేరళ 1980 నుండి విషయ సంఘాలను ఏర్పరచుకొన్నది. అక్కడ బిల్లులు వాటి పరిశీలనకు పోవుట ఆనవాయితీ. కేంద్ర ప్రభుత్వం 2014లో నియమించిన రామానుజం సంఘం రద్దు చేయదగిన కేంద్ర చట్టాలను 1,741గా గుర్తించగా, అప్పటి నుండి 1,500కు పైగా చట్టాలు తొలగినవి. ఏ రాష్ట్రమైనను తన చట్టాల పుస్తకాన్ని ఇట్లు దులిపి చూచుట మంచిది.

తొందరపాటు వలన కొత్త చట్టం కూడ త్వరగా పాతబడును. ఆంధ్రప్రదేశ్‌లో 2022 నాటి భూమి హక్కుల చట్టాన్ని 2024లో కొత్త సభ రద్దు చేసినది. తెలంగాణలో 2020 నాటి పట్టాదారు పాసుపుస్తకాల చట్టం స్థానంలో 2024లో సభ ఆమోదించిన భూభారతి చట్టం వచ్చినది. దాని ముసాయిదాను ముందుగా ప్రజల ముందుంచి సూచనలు కోరినారు. ఏ ప్రభుత్వం మంచిది, ఏది కాదు అను చర్చకు విద్యాలయ వేదిక తగదు. రైతు చేతిలోని కాగితానికి సంబంధించిన చట్టం రెండేండ్లకు, నాలుగేండ్లకు మారవలసి వచ్చినచో, మొదటనే ఇంకొంత సేపు వినవలసి ఉండెనని మాత్రం చెప్పవచ్చును.

చివరిగా ఈ పాఠశాలకు అత్యంత సమీపమైన విషయం. తమిళనాడులో తమిళ అభ్యసన చట్టం 2006లో వచ్చినది. ఆ విద్యా సంవత్సరం ఒకటవ తరగతితో ప్రారంభించి, ఏటేటా ఒక్కొక్క తరగతికి పెంచుచు, తమిళాన్ని మొదటి భాగంగా తప్పనిసరి చేసినది. రాష్ట్ర భాష నేర్చుకొనుటకు ఇక్కడి తెలుగువారు ఏనాడూ వెనుకాడలేదు. వీధిలో, సంతలో, ఇంటి అరుగు మీద తమిళం వారికి రెండవ తల్లి వంటిది. కాని పరీక్షలో మాతృభాష స్థానం ఏమగును అను ప్రశ్న తెలుగు, కన్నడ, మలయాళ, ఉర్దూ మాధ్యమ విద్యార్థులందరికీ కలిగినది. ఆ ప్రశ్న మద్రాసు హైకోర్టుకు, అక్కడి నుండి సుప్రీంకోర్టుకు వెళ్లినది. 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు భాషాల్పసంఖ్యాక విద్యార్థులకు పదవ తరగతి పరీక్షలో అంతకుముందున్న మినహాయింపును మరొక ఏడాది పొడిగించినది.

ఏడాది, ఏడాదికి మినహాయింపు పొందుచు పరీక్షకు కూర్చొను బిడ్డ మనస్సు ఎట్లుండునో తలిదండ్రులకు చెప్పనక్కరలేదు. చదువుకొనవలసిన మాసాలలో కోర్టు ఉత్తర్వు కోసం ఎదురుచూచుట ఏ బిడ్డకూ రాకూడదు. ఆ చట్టం ఉద్దేశం దురుద్దేశం కాదు. రాష్ట్రంలో చదివిన ప్రతి బిడ్డకు తమిళం రావలెననుట న్యాయమే. ఆ ఉద్దేశానికి, రాజ్యాంగంలోని 350ఎ అధికరణం చెప్పు మాతృభాషా బోధనకు మధ్య సమన్వయం కుదుర్చుట కోర్టు కంటె శాసనసభా సంఘానికి తగిన పని. కోర్టు ఎదుటనున్న వ్యాజ్యాన్ని చూచును. సంఘం తరగతి గదిని కూడ చూడగలదు. ఉపాధ్యాయులున్నారా, పుస్తకాలు అందినవా, రెండు భాషలకూ పిల్లవాని భుజం సరిపోవునా అని అడుగగలదు.

ఇందుకు దారి మూసి లేదు. తమిళనాడు శాసనసభకు విజ్ఞాపనల సంఘం ఉన్నది. అది జిల్లాలు పర్యటించి ప్రజల వద్ద విజ్ఞాపనలు స్వీకరించును. పూర్వ విద్యార్థులలో న్యాయవాదులున్నారు, ఉద్యోగులున్నారు, ఉపాధ్యాయులున్నారు. ఏ చట్టంలోని ఏ నిబంధన వలన ఏ తరగతి పిల్లలకు ఏ చిక్కు కలుగుచున్నదో, ఎంతమందికి కలుగుచున్నదో, ఎట్లు సవరించినచో అందరికీ మేలో స్పష్టంగా రెండు పుటలలో వ్రాసి ఇచ్చినచో, అది ఊరేగింపు కంటె ఎక్కువ దూరం పోవును. 1937లో చదువురాని రైతులు కూడ తమ శిస్తు లెక్కను సంఘం ముందు చెప్పుకొన్నారు. వారి మనుమలు, మునిమనుమలు అక్షరాలు నేర్చినవారు. వారికి ఇది అసాధ్యమా?

విద్యార్థులారా, రేపు మీలో ఎవరైనను శాసనసభ్యులు కావచ్చును, అధికారులు కావచ్చును, కేవలం ఓటరుగానే ఉండవచ్చును. ఏదైనను, ఒక చట్టాన్ని చూచినప్పుడు మూడు ప్రశ్నలు అడుగుట నేర్చుకొనండి. ఇది ఏ కాలంలో, ఎవరి కష్టం తీర్చుటకు పుట్టినది? ఆ కష్టం ఇప్పుడున్నదా? దీని వలన నేడు ఎవరికైనను కొత్త కష్టం కలుగుచున్నదా? ఆ మూడవ ప్రశ్నకు జవాబు చెప్పవలసినవారు సభలో ఉండరు. వారు పొలంలో, వీధిలో, తరగతి గదిలో వెనుక బెంచీ మీద ఉందురు. వారి వద్దకు వెళ్లి విన్న సంఘం మంచి సంఘం.

బారామహల్ మిట్టాలు పోయి డెబ్బది ఏండ్లు దాటినవి. అదే కాలంలో పెరిగినది ఈ పాఠశాల. మిట్టా రైతుల మునిమనుమలు నేడు ఈ ప్రాంతపు బెంచీల మీద కూర్చుండి తెలుగులో చదువుకొనుచున్నారు. ఒక చట్టాన్ని ఓపికతో పరిశీలించి మార్చినందువలన కలిగిన ఫలం ఇది. ఆ ఓపిక తరువాతి తరానికి కూడ అబ్బవలెను.